పెద్ద వయసులో ముదురు రంగులు

అరవై దాటిన అమ్మకో అత్తగారికో చీర కొందామని బట్టల కొట్టుకు వెళితే అక్కడ వినిపించే మొదటి ప్రశ్న "ఎవరికండీ?" అని. పెద్దావిడకి అని చెప్పగానే చీరలు చూపించే మనిషి చెయ్యి తనంతట తానే ఒక అర వైపు వెళ్లిపోతుంది. బిస్కెట్ రంగు, గంధం రంగు, బూడిద రంగు, నాలుగు ఉతుకులు పడ్డట్టుండే లేత గులాబీ, లేత ఆకుపచ్చ. కొనేవాళ్లు కూడా హుందాగా ఉన్నాయని తల ఊపుతారు. మగవాళ్ల చొక్కాల దగ్గరా పెద్ద తేడా ఉండదు. ఈ అలవాటు తలకిందులుగా ఉందన్నది నా వాదన. వయసు పెరిగేకొద్దీ ముఖానికి దగ్గరగా ఉండవలసింది వెలవెలబోయే రంగు కాదు, తేటగా నిండుగా ఉండే రంగు. ఇది కేవలం నా ఇష్టం కొద్దీ చెబుతున్న మాట కాదు. చర్మంలో వయసుతో వచ్చే మార్పులేమిటి, పక్కపక్కన ఉన్న రెండు రంగులను కన్ను ఎలా చూస్తుంది, బట్ట మీద పడ్డ వెలుతురు ఎటు పోతుంది, ఈ మూడూ తెలుసుకుంటే ఎవరికి వారు తేల్చుకోగలిగిన విషయం.

ముందు చర్మం సంగతి చూద్దాం. చర్మానికి బిగువు ఇచ్చేది కొలాజెన్ అనే మాంసకృత్తి. యౌవనం దాటిన దగ్గర్నుంచి అది ఏటా సుమారు 1 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయిన తొలి సంవత్సరాల్లో ఆ తగ్గడం మరింత వేగంగా ఉంటుంది. పై పొరలో పాత కణాలు రాలి కొత్తవి రావడం కూడా నెమ్మదిస్తుంది. దాంతో చర్మం నునుపు తగ్గి, దాని మీద పడ్డ వెలుతురు చెదిరిపోతుంది. కళ తప్పింది అని మనం అనేది చాలావరకు దీన్నే. చామనఛాయ వాళ్లకూ నల్లటి వాళ్లకూ ఇందులో కొంత మేలుంది. చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి ఎండ చేసే చెరుపు కొంత తగ్గి, ముడతలు తెల్లజాతుల వాళ్ల కంటే ఆలస్యంగా పడతాయి. అయితే అదే మెలనిన్ వయసును మరో దారిలో బయటపెడుతుంది. మన ముఖాల్లో ముడత కంటే ముందు రంగు చెదురుతుంది. బుగ్గల మీద మంగు, కళ్ల కింద నలుపు, నుదుటికి రెండు పక్కలా, నోటి చుట్టూ ముదురు ఛాయ. పాశ్చాత్య పత్రికల్లో వచ్చే సలహాలు పాలిపోయే చర్మాన్నీ ఎర్రబారే బుగ్గలనూ దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన సమస్య అది కాదు. ఒకే ముఖంలో రెండు మూడు ఛాయలు కలిసి ఉండటం మన సమస్య. కాబట్టి బట్టల రంగు విషయంలో మనం వేసుకోవలసిన ప్రశ్న కూడా వేరు: ఆ ఛాయల తేడాను ఎత్తి చూపే రంగులేవి, చూపును అక్కడి నుంచి కళ్ల మీదికీ నవ్వు మీదికీ తిప్పే రంగులేవి?

ముఖంలో వయసు ఆనవాళ్లను మనం ఎలా పసిగడతామో పరిశోధకులు కొలిచి చూశారు. రిచర్డ్ రసెల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాన్సుకు చెందిన సహ పరిశోధకులతో కలిసి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. కనుబొమలు, కళ్లు, పెదవులు, వీటికీ చుట్టూ ఉన్న చర్మానికీ మధ్య ఉండే తేడా వయసుతో పాటు తగ్గుతుందని అందులో తేలింది. కనుబొమలు నెరుస్తాయి, పెదవుల ఎరుపు తగ్గుతుంది, చుట్టూ ఉన్న చర్మం మారుతుంది, అన్నీ ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఫొటోల్లో ఆ తేడాను కొంచెం పెంచి చూపిస్తే, అదే ముఖాన్ని చూసినవాళ్లు తక్కువ వయసు చెప్పారు. ముడతలను ఎవరూ చెరపలేదు, తేడాను పెంచారంతే. తర్వాత 2017లో వేర్వేరు జాతుల స్త్రీల ముఖాలతో చేసినప్పుడు కూడా ఫలితం ఇదే దారిలో వచ్చింది. ఈ మాట వింటే మన ఇళ్లలోని పెద్ద ముత్తైదువలు గుర్తుకు రావాలి. కంటికి కాటుక, నుదుట రూపాయి కాసంత కుంకుమ, ముక్కుకు మెరిసే పుడక, తాంబూలంతో ఎర్రబడ్డ పెదవులు. వయసు తీసుకుపోతున్న తేడాను ఆ అలంకరణ తిరిగి తెచ్చి ముఖం మీద పెడుతోంది. అలాంటి ముఖం కింద బిస్కెట్ రంగు చీర చుట్టబెడితే ముఖం సంపాదించుకున్న తేటదనాన్ని బట్ట వెనక్కి లాగేసినట్టే.

బట్ట పక్కన ముఖం ఎందుకు మారినట్టు కనిపిస్తుందో అర్థం కావాలంటే పారిస్ లోని ఒక అద్దకం శాలకు వెళ్లాలి. గొబెలిన్ అనే ప్రఖ్యాత నేతశాలలో 1824 నుంచి అద్దకాల విభాగానికి మిషెల్ యుజీన్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా ఉండేవాడు. మీ నల్లరంగు సరిగా పట్టడం లేదు, నలుపు నలుపులా ఉండటం లేదు అని ఆయనకు ఫిర్యాదులు వచ్చాయి. ఆయన ఆ నల్ల దారాలను పరీక్షించి చూస్తే రంగులో లోపం కనిపించలేదు. పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోందని తేల్చాడు. ఏళ్ల తరబడి పరిశీలించి 1839లో ఒక పెద్ద పుస్తకం వెలువరించాడు. పక్కపక్కన ఉన్న రెండు రంగులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయన్నది ఆయన చెప్పిన సూత్రం. ముదురు పక్కన లేత ఇంకా లేతగా, ఎరుపు పక్కన ఆకుపచ్చ ఇంకా పచ్చగా కనిపిస్తాయి. ఆ పుస్తకంలోనే ఆయన దుస్తుల రంగులకూ మేనిఛాయకూ ఉన్న సంబంధం గురించి వివరంగా రాశాడు. ముఖం పసుపు తిరిగి ఉన్నవాళ్లకు ఊదారంగు ఆ పసుపును ఇంకా పెంచుతుందని, ఎరుపు తక్కువైన ముఖానికి లేత ఆకుపచ్చ ఆ ఎరుపును పైకి తెస్తుందని ఆయన గమనించినవి ఇప్పటికీ అద్దం ముందు నిలబడి సరిచూసుకోవచ్చు. నేను ఈ సూత్రాన్ని మన చామనఛాయలకు అన్వయించి ఇంకొక అడుగు వేస్తాను. బట్ట రంగు చర్మం రంగుకు మరీ దగ్గరగా ఉంటే కంటికి పెద్ద తేడాలేవీ దొరకవు. అప్పుడది చిన్న తేడాలను వెతుక్కుంటుంది. ఆ చిన్న తేడాలే మంగు, కళ్ల కింది నలుపు. గంధం రంగూ, ఖాకీ రంగూ, మట్టి రంగూ పెద్ద వయసు ముఖాన్ని అలసినట్టు చూపించడానికి కారణం ఇదే. అదే మనిషికి నేరేడుపండు రంగో, నెమలికంఠం రంగో, కుంకుమ ఎరుపో వేస్తే పెద్ద తేడా బట్టకూ ముఖానికీ మధ్య ఏర్పడి, ముఖంలోని చిన్న తేడాలు వెనక్కి పోతాయి.

అయితే అన్నిటికన్నా ముదురైన నల్లచీరే మిగతావాటి కన్నా బాగుండాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్న. ఇక్కడ రెండో సంగతి అడ్డు వస్తుంది, అది వెలుతురు. బట్ట ఊరికే పక్కన కూర్చోదు, తన మీద పడ్డ వెలుతురును గడ్డం కిందికి, కళ్ల కిందికి తిప్పి పంపుతుంది. సినిమా షూటింగుల్లో నటి ఎదురుగా కొంచెం కిందగా తెల్లటి థర్మోకోల్ షీటు పట్టుకుని ఒక మనిషి నిలబడేది ఇందుకే. పై నుంచి పడే లైటు కళ్ల కింద గుంటల్లో నీడ చేస్తుంది, కింది నుంచి తిరిగొచ్చే తెల్లని వెలుతురు ఆ నీడను నింపుతుంది. మెరుపు లేని నల్లని నూలుబట్ట ఏ వెలుతురునూ వెనక్కి పంపదు, నీడలన్నీ ఉన్నవి ఉన్నట్టు మిగిలిపోతాయి. ఇక మనం రేడియం పచ్చ అని పిలుచుకునే కళ్లు చెదిరే ఆకుపచ్చ, అటువంటి గులాబీ, నారింజ వెలుతురును పంపుతాయి కానీ తమ రంగుతో కలిపి పంపుతాయి. రేడియం పచ్చ జాకెట్టు తొడుక్కుని ఎండలో నిలబడితే గడ్డం కింద పచ్చటి నీడ పాకడం తేలిగ్గానే కనిపిస్తుంది. అంటే రంగుల తేడా ముదురు కావాలంటోంది, వెలుతురు మరీ నలుపు వద్దంటోంది. ఈ రెండిటికీ పొత్తు కుదిర్చేది బట్ట మెరుపు. ముదురు రంగు పట్టు తేడానూ ఇస్తుంది, తన నిగనిగతో కాస్త వెలుతురునూ వెనక్కి పంపుతుంది. జరీ అంచు ఉంటే ఆ వెలుతురులో బంగారు వన్నె కలుస్తుంది. మెరుపు లేని నూలులో అయితే నలుపు కన్నా ఒక మెట్టు తక్కువ రంగు, ఇటుక ఎరుపు, ముదురు ఆకుపచ్చ, ఇంకు నీలం లాంటివి ఎంచుకోవడం మేలు.

ధర్మవరం పట్టు ఈ లెక్కను ఎంత బాగా కుదిర్చిందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. అక్కడి డబుల్ షేడ్ చీరలో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. పడుగు ఎరుపూ పేక నీలమూ అనుకుంటే, చీర మొత్తం చూడ్డానికి వంకాయరంగులా ఉంటుంది. కుచ్చిళ్ల మడత విచ్చుకున్న చోట ఎరుపు తళుక్కుమంటుంది, మడత లోపలికి పోయిన చోట నీలం. భుజం మీద పైట మడతల్లో ఒకదాని పక్కన ఒకటి మూడు నాలుగు ఛాయలు ఉంటాయి. చదునుగా ఒకే రంగు పరుచుకున్న బట్టకు లేని సదుపాయం ఇందులో ఉంది. ఛాయలు కలగలిసిన ముఖం పక్కన ఛాయలు కలగలిసిన బట్ట వచ్చి కూర్చుంటుంది కాబట్టి ముఖంలోని తేడా వింతగా అనిపించదు. నిండుదనం పోదు, మొండిదనం రాదు. పెద్దవాళ్లకు చీర కొనేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు సిఫార్సు చేసేది ఈ డబుల్ షేడే.

ఇంత చెప్పినా చీర మొత్తం మార్చుకోవలసిన పని లేదు. ముఖానికి రంగు ఇచ్చేది ఐదున్నర మీటర్ల బట్ట కాదు, మెడ చుట్టూ ఉన్న జానెడు బట్ట. జాకెట్టు మెడ, భుజం మీదికి ఎక్కే పైట అంచు, అంతే. కుచ్చిళ్లు ఏ రంగులో ఉన్నా ముఖానికి వాటితో పనిలేదు. గద్వాల్ చీర చూడండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. మీగడ రంగు ఒంటికి మిరపపండు ఎరుపు అంచు ఉన్న గద్వాల్ చీరకు అదే ఎరుపు జాకెట్టు జత చేస్తే మెడ దగ్గరకు ఎరుపే వస్తుంది, మీగడ రంగు కిందికి దిగిపోతుంది. అదే చీరకు మీగడ రంగు జాకెట్టు వేస్తే ఫలితం తారుమారు. బీరువాలో లేత చీరలు పాతిక ఉన్నవాళ్లు వాటిని ఎవరికీ ఇచ్చేయనక్కర్లేదు. అంచులోంచో, చీరలోని చిన్న పువ్వులోంచో ఒక ముదురు రంగు ఎంచి, ఆ రంగు జాకెట్టు గుడ్డ ఒకటి కుట్టించుకుంటే చాలు. కొత్త చీర కొనే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇప్పుడు అన్నిటికన్నా గట్టి అభ్యంతరానికి వద్దాం. ఈ వయసులో ఆ రంగులేమిటి, నలుగురూ ఏమనుకుంటారు? ఈ మాట వెనుక హుందాతనం గురించిన ఆలోచన ఉందని ఒప్పుకుంటాను. కానీ ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. భర్త పోయిన స్త్రీ బొట్టు, పూలు, గాజులు, రంగుచీర అన్నీ వదులుకోవాలన్న కట్టుబాటు మన సమాజంలో చాలా కులాల్లో, చాలా కాలం నడిచింది. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆ పెళ్లిళ్లకు వచ్చిన ప్రతిఘటన చూస్తే కట్టుబాటు ఎంత బలమైనదో తెలుస్తుంది. వయసు మళ్లిన ఆడవాళ్లందరూ మెల్లగా రంగుల్లోంచి తప్పుకోవాలన్న భావనలో ఆ పాత కట్టుబాటు నీడ ఉందని నా నమ్మకం. కంటికి ఏది ఇంపు అన్న విచారణలోంచి పుట్టిన నియమం కాదది. హుందాతనమే కావాలంటే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారిని తలుచుకోండి. తిరుమల తిరుపతి దేవస్థానం కోసం అన్నమయ్య కీర్తనలు పాడి తెలుగువాళ్ల ఇళ్లలో తెల్లవారుజాము గొంతుగా నిలిచిపోయిన ఆమె, నెరిసిన జుట్టుతోనూ నిండైన రంగుల కంచిపట్టు చీరల్లోనే వేదిక మీద కూర్చునేవారు. ఆమె పేరు మీద ఎం.ఎస్. బ్లూ అని ఒక నీలం రంగే వాడుకలోకి వచ్చింది. ఆ చీరల్లో ఆమెను చూసి హుందాగా లేరన్నవాళ్లు ఎవరూ ఉండరు. రంగు నిండుగా ఉండటం వేరు, ఆర్భాటంగా ఉండటం వేరు.

మన ఎండల్లో ముదురు రంగులు ఎలా కడతామన్నది ఇంకో అభ్యంతరం. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ముదురు బట్ట వేడిని లాక్కుంటుందన్న మాట నిజమే. ఆ రోజుల్లో తెలుపు కట్టుకోవడమే తెలివైన పని. తెలుపుతో నాకు పేచీ లేదు, పేచీ వెలిసిన రంగుతోనే. తెలుపు చామనఛాయకు చక్కటి తేడా ఇస్తుంది, పైగా థర్మోకోల్ షీటు పనీ చేస్తుంది. నల్లగా ఉన్న పెద్దాయన తెల్లని ఖద్దరు లాల్చీలో, భుజాన ఎర్రంచు కండువాతో నిలబడితే ముఖం ఎంత తేటగా ఉంటుందో చూస్తూనే ఉన్నాం. కాకపోతే తెలుపులో కూడా రకాలున్నాయి. నీలిమందు బాగా పెట్టిన నీలపు తెలుపు, షెవ్రల్ సూత్రం ప్రకారమే, పక్కనున్న ముఖాన్ని పసుపు వైపు నెడుతుంది. ముఖం పసుపు తిరిగినట్టుండే వాళ్లకు పాలమీగడ తెలుపు, చలువ చేయని నూలు తెలుపు మెత్తగా ఉంటాయి. ఇక ఆడవాళ్లకైతే తెల్లటి మంగళగిరి నూలుచీరకు నిజాం అంచు, దానికి తగ్గ రంగు జాకెట్టు ఉంటే ఎండకూ ముఖానికీ రెండిటికీ సరిపోతుంది.

రంగు బట్టల మాట రాగానే మన దగ్గర తప్పకుండా వచ్చే ఇంకో మాట ఉంది. ఇది వేసుకుంటే తెల్లగా కనిపిస్తారు అంటారు. పొగడ్తలా అనే ఈ మాట నాకు బాధ కలిగిస్తుంది. నేను చెబుతున్నదానికీ తెల్లగా కనబడటానికీ సంబంధం లేదు. ముఖం తేటగా ఉండటం, చూపు కళ్ల మీద నిలవడం లక్ష్యం. నిగనిగలాడే నల్లని ముఖానికి పసుపుపచ్చ, ఆవపువ్వు రంగు, మంకెన ఎరుపు ఇచ్చే శోభ తెల్లటి ముఖాలకు రానే రాదు. నల్లగా ఉన్నవాళ్లు ముదురు రంగులు కట్టకూడదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్లు అరవై ఏళ్లు వచ్చాకైనా ఆ మాటను పక్కన పెట్టాలి. అలాగే మనుషులను నాలుగు రుతువులుగా విడగొట్టి రంగులు పంచే పద్ధతి ఒకటి 1980లో కెరోల్ జాక్సన్ అనే అమెరికన్ రచయిత్రి పుస్తకంతో బాగా వ్యాపించింది. ఆ లెక్కలో నల్లజుట్టు, నల్లకళ్లు ఉన్నవాళ్లలో అత్యధికులు శీతాకాలం అనే ఒకే గదిలో పడతారు. పసిమి ఛాయ నుంచి కారునలుపు వరకు ఎన్ని వన్నెలున్నాయో తెలిసిన మనకు అది ఎంతవరకు పనికొస్తుంది? పైగా జుట్టు నెరిశాక మనిషి లెక్క మారుతుంది. పూర్తిగా తెల్లబడ్డ జుట్టు ముఖానికి చక్కటి చట్రం, దానికి ఏ నిండు రంగైనా నప్పుతుంది. సగం నెరిసిన జుట్టుకు బూడిదరంగు బట్ట అన్నిటికన్నా చేటు. జుట్టుకూ మీసానికీ చిక్కని నల్లరంగు వేసుకునే మగవాళ్లయితే చొక్కా రంగు కూడా నిండుగా వేసుకోవాలి, లేకపోతే చూపంతా జుట్టు మీదే ఆగిపోతుంది.

ఎంచుకునే పద్ధతి గురించి రెండు మాటలు. కొట్టులో దీపాల వెలుతురు పగటి వెలుతురులా ఉండదు. ఒక్కో దీపంలో ఒక్కో రంగు పాలు తక్కువ. అందుకే కొట్టులో కలిసినట్టున్న జాకెట్టూ చీరా ఇంటికొచ్చాక విడిపోతాయి. చీరను గుమ్మం దాకా తెచ్చి చూస్తామంటే ఏ కొట్టువాళ్లూ కాదనరు, మొహమాటపడకండి. బట్టను చేతిలో పట్టుకుని చూస్తే లాభం లేదు, గడ్డం కింద పెట్టుకుని అద్దంలో ముఖాన్ని చూసుకోవాలి. ముందు బట్ట కనిపిస్తే అది మీది కాదు, ముందు కళ్లు కనిపిస్తే తీసుకోండి. ఫోన్‌లో ఒక ఫొటో తీసి దాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చి చూస్తే ఇంకా తేలిక. ముఖమూ బట్టా ఒకే బూడిదరంగులో కలిసిపోయి ఉంటే ఆ రంగు వదిలేయడం మంచిది.

పెద్దవాళ్లు తమకు తాము రంగు ఎంచుకునేటప్పుడు కన్ను చేసే మోసం ఒకటుంది. వయసుతో కంటి కటకం పసుపు తిరుగుతుంది. అది నీలపు వెలుతురును అడ్డుకుంటుంది కాబట్టి ముదురు నీలం నలుపులా, నీలమూ ఆకుపచ్చా ఒకేలా అనిపిస్తాయి. శుక్లం ముదిరితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనేకి ఈ ఇబ్బంది బాగా తెలుసు. శుక్లాల వల్ల రంగులు సరిగా తెలియక అవస్థపడి, 82 ఏళ్ల వయసులో, 1923లో ఆపరేషన్ చేయించుకున్నాడు. మన ఊళ్లలో కూడా శుక్లం తీయించుకుని వచ్చినవాళ్లు ఆకాశం ఇంత నీలమా అని ఆశ్చర్యపోతూ ఉంటారు. ఆపరేషన్ కాకముందు ఇంట్లో చిన్నవాళ్లు ఎవరినైనా పక్కన పెట్టుకుని రంగు అడగండి. ఆపరేషన్ అయి చూపు కుదుటపడ్డాక ఒక పగటిపూట బీరువాలోని బట్టలన్నీ కిటికీ దగ్గరకు తెచ్చి మళ్లీ ఒకసారి చూసుకోండి. నలుపని పక్కన పెట్టిన జాకెట్టు నెమలికంఠం రంగుదై ఉండవచ్చు. మెత్తని మీగడ తెలుపు అనుకుని ఇన్నాళ్లూ కట్టినది నీలిమందు ఎక్కువైన చీర అని తేలవచ్చు.